హాబీగా చిన్న విమానం నడపడం నేర్చుకోవాలంటే అసలు ఎంతవుతుంది? ఒక్కొక్కరు ఒక్కో రేటు చెబుతున్నారు

బీసెంట్‌రోడ్_బాబ్జీ
నాకు 41 ఏళ్లు. విజయవాడలో ఎలక్ట్రికల్ షాపు. పైలట్ ఉద్యోగం మీద ఆశ లేదు, ఎయిర్‌లైన్స్‌లో చేరే వయసూ కాదు. సెస్నా లాంటి చిన్న విమానం సొంతంగా నడపాలి, ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తీసుకోవాలి, అంతే. హైదరాబాద్‌లోనూ, బయట రాష్ట్రాల్లోనూ ఫోన్లు చేసి కనుక్కున్నా. ఒకాయన ఆరు లక్షలన్నాడు. ఇంకొకావిడ పన్నెండన్నారు. మరో చోట "ముందు ఆఫీసుకి రండి సార్, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు. నా షాపులో యాభై రూపాయల స్విచ్చి మీద కూడా ఎంఆర్‌పీ ఉంటుంది. లక్షల్లో తీసుకునేవాళ్లకి ఒక రేటు చెప్పడానికి ఏమొచ్చింది? తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే దాపరికం లేకుండా చెప్పండి. "ఈ వయసులో ఇదేం పిచ్చి" అని మా ఇంట్లో ఇప్పటికే అడిగేశారు, మళ్లీ మీరు అడగక్కర్లేదు.

పటమట_పవన్
ఈ వయసులో ఇదేం పిచ్చి అన్నా

కృష్ణలంక_కుర్రోడు
పన్నెండు లక్షలా! మంచి కారొచ్చేస్తుంది, పెట్రోలుకి కూడా మిగులుతాయి.

బీసెంట్‌రోడ్_బాబ్జీ
కారు ఉంది తమ్ముడూ. రోజూ బెంజ్ సర్కిల్ దగ్గర ఇరుక్కుని ఉంటుంది. అందుకే పైకి చూస్తున్నా.

రన్‌వే_రమణ
బాబ్జీ గారూ, ఆరు లక్షలన్నాయనా, పన్నెండన్నావిడా ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. లెక్క ఎక్కడ ఆపారన్నదే తేడా.

డీజీసీఏ, అంటే కేంద్రంలో విమానయానాన్ని నియంత్రించే సంస్థ, దాని రూలు ప్రకారం పీపీఎల్‌కి (మీరనే ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కి) కనీసం 40 గంటల ఫ్లయింగ్ కావాలి. అందులో 10 గంటలైనా పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా మీరొక్కరే నడపాలి. ఆ పదిలోనే 5 గంటలు క్రాస్ కంట్రీ, అంటే వేరే ఎయిర్‌ఫీల్డులకి వెళ్లి రావడం. అందులో ఒకటి 150 నాటికల్ మైళ్లకి తగ్గకూడదు. సింగిల్ ఇంజిన్ విమానానికి గంటకి 12 నుంచి 18 వేల దాకా తీసుకుంటున్నారు. ఆరన్నాయన 40ని 15 వేలతో గుణించి ఫోన్ పెట్టేశాడు. అంతకు మించి ఆలోచించలేదు.

కానీ 40 గంటలకే టెస్టుకి రెడీ అయ్యేవాళ్లు చాలా తక్కువ. షాపు చూసుకుంటూ వీలున్నప్పుడు వెళ్లి నడిపేవాళ్లకి 55, 60 అనుకోవాలి. మధ్యలో గ్యాప్ వస్తే చెయ్యి తప్పుతుంది. మళ్లీ ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన పెట్టుకుని పాత ల్యాండింగులే మళ్లీ చేయాలి. ఆ గంటలకీ డబ్బు మీదే. దాని పైన గ్రౌండ్ క్లాసులు, మెడికల్, పరీక్షలు, రేడియో లైసెన్సు, హెడ్‌సెట్, చివర్లో స్కిల్ టెస్టుకి విమానం అద్దె, ఎగ్జామినర్ ఫీజు. ఉండటం, తినడం వేరే. పన్నెండు చెప్పినావిడ ఇవన్నీ కలిపి చెప్పి ఉంటారు. నన్నడిగితే ముందు ఆవిడ దగ్గరికే వెళ్లి చూడండి.

లెక్కల_మాస్టారు
58 గంటలు వేసుకుందాం. గంటకి 15 వేలు. 8.7 లక్షలు. మిగతా 3.3 లక్షలు దేనికి? హెడ్‌సెట్‌కి బంగారు తొడుగు వేయిస్తారా?

రన్‌వే_రమణ
మాస్టారూ, నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్న మంచి హెడ్‌సెట్ నిజంగానే లక్ష దాటుతుంది. మొదట్లో అక్కర్లేదు, మామూలుది చాలు. గ్రౌండ్ క్లాసులకి యాభై వేల నుంచి లక్ష వేసుకోండి. విజయవాడ మనిషి ఇంకో ఊళ్లో నెలల తరబడి రూము తీసుకుని ఉండాలి కదా, అక్కడ పోతుంది అసలు డబ్బు.

కృష్ణలంక_కుర్రోడు
గన్నవరంలో నేర్పరా? అంత పెద్ద రన్‌వే ఉంది.

రన్‌వే_రమణ
రన్‌వే ఉంటే చాలదు. విమానాలు, ఇన్‌స్ట్రక్టర్లు, హ్యాంగరు, డీజీసీఏ అనుమతి ఉన్న స్కూలు ఉండాలి. హైదరాబాద్ బేగంపేటలో ఒకటుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీ ఏవియేషన్ అకాడమీ అనేవాళ్లు, ఇప్పుడు అది తెలంగాణది.

పటమట_పవన్
2024 నవంబర్‌లో పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ఎగిరింది కదా, ముఖ్యమంత్రి కూడా ఎక్కారు. బాబ్జీ అన్నని దాంట్లో ట్రైనీగా పెట్టుకుంటే సరి.

హ్యాంగర్_హనుమంతు
నాది విమానాలు రిపేరు చేసే వైపు. గంట రేటు అంత ఎందుకో చెబుతా, తిట్టుకునేవాళ్లు తర్వాత తిట్టుకోండి.

సెస్నా 152 గంటకి 22 నుంచి 25 లీటర్లు తాగుతుంది. 172 అయితే ముప్పై పైనే. ఇది బంకులో దొరికే పెట్రోలు కాదు, ఏవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్ అని వేరే రకం. ఇప్పటికీ సీసం కలిపే చేస్తారు. చాలా ఏళ్లు పూర్తిగా దిగుమతి మీదే నడిచింది. 2022లో ఇండియన్ ఆయిల్ వాళ్లు వడోదర రిఫైనరీలో తయారు చేయడం మొదలుపెట్టారు. వాడేది దేశం మొత్తం మీద కొద్ది విమానాలే కాబట్టి పెద్దగా చవక కాలేదు. డైమండ్ డీఏ40లో కొత్త రకాలు జెట్ ఫ్యూయల్‌తో నడుస్తాయి. ఇంధనం కలిసొస్తుంది, కానీ విమానం ఖరీదు ఎక్కువ, ఆ ఖర్చూ గంట రేటులోకే వస్తుంది.

ఇక మా పని. 50 గంటలకోసారి, 100 గంటలకోసారి తనిఖీ. ఇంజిన్ రెండు వేల గంటలు అటూ ఇటూగా ఓవర్‌హాల్‌కి, అంటే మొత్తం విప్పి బాగుచేయడానికి వెళ్లాలి. 152 తయారీ 1985లోనే ఆపేశారు, మీరు నడిపేది మీకంటే పెద్దదై ఉండొచ్చు. పాతది కదా చవకగా వస్తుందనుకోవద్దు. చిన్న బెల్టు మార్చాలన్నా సర్టిఫికెట్ ఉన్న పార్టే బిగించాలి, అది డాలర్లలో వస్తుంది. ఆటోనగర్‌లో తయారు చేయించడం కుదరదు.

ఇంకొకటి, ఫోన్లో ఎవరూ చెప్పరు. బిల్లు గాల్లో ఉన్న టైముకి కాదు. చక్రాల కింద అడ్డం పెట్టే చోక్స్ తీసిన దగ్గర్నుంచి మళ్లీ పెట్టేదాకా లెక్క. ఎయిర్‌లైన్స్ తిరిగే ఎయిర్‌పోర్టులో స్కూలు ఉంటే, పెద్ద విమానం దిగేదాకా ఇంజిన్ ఆన్‌లో ఉంచి రన్‌వే ముందు హోల్డింగ్ పాయింట్ దగ్గర నిలబడాలి. మీటరు తిరుగుతూనే ఉంటుంది. గంట రేటు రెండు వేలు ఎక్కువైనా ఖాళీ ఎయిర్‌ఫీల్డులో ఉన్న స్కూలే ఒక్కోసారి చివరికి చవక.

పటమట_పవన్
బెజవాడ ఆటోలో ఎప్పుడూ చూడని మీటరు విమానంలో చూడాలన్నమాట.

లెక్కల_మాస్టారు
హనుమంతు గారి పోస్టు బాగుంది. ఇప్పుడు నమ్ముతున్నా.

మిర్చియార్డ్_మూర్తి
మాది గుంటూరు. బాబ్జీ గారి ప్రశ్న హాబీ గురించి, నాది అలా కాదు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. కమర్షియల్ పైలట్ అవుతానని కూర్చుంది. ఒక కన్సల్టెంట్ 55 లక్షలన్నాడు, సంవత్సరంలో అయిపోతుంది, ఆ తర్వాత ఉద్యోగం గ్యారంటీ అన్నాడు. అది నిజమేనా? యార్డు దగ్గర ఎకరంన్నర ఉంది. అమ్మాలంటే మా నాన్నగారు ఒప్పుకోవట్లేదు.

అరండల్‌పేట_అనూష
మూర్తి గారూ, ఉద్యోగం గ్యారంటీ అని ఎవరన్నా వెంటనే లేచి వచ్చేయండి అంకుల్. నేను సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) ట్రైనింగ్‌లోనే ఉన్నా, ఉత్తరాదిలో. రాస్తున్నవన్నీ మా హాస్టల్లో రోజూ వినేవే.

సీపీఎల్‌కి 200 గంటలు. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత మనదే, 300 నాటికల్ మైళ్ల క్రాస్ కంట్రీ, బయటికి చూడకుండా మీటర్లు చూసే నడపడం, రాత్రిపూట నడపడం, చివర్లో రెండు ఇంజిన్ల విమానం మీద కొన్ని గంటలు. ఆ మల్టీ ఇంజిన్ గంటకి సింగిల్ ఇంజిన్ రేటుకి రెట్టింపు పైనే ఉంటుంది. 50 నుంచి 60 లక్షలన్నది మామూలు మాటే. అమేథీ జిల్లా ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ఇగ్రువా అని కేంద్ర ప్రభుత్వ సంస్థలో 45 లక్షలు, కానీ దానికి ఎంట్రన్స్ రాయాలి.

సంవత్సరంలో అయిపోతుంది అన్నది మాత్రం బ్రోషర్ మాట. వానాకాలం మొత్తం మబ్బులు, చలికాలం పొగమంచు, ఒక విమానం హ్యాంగర్లో, ఒక ఇన్‌స్ట్రక్టర్ వేరే స్కూలుకి వెళ్లిపోయారు. ఒక్కో నెల పది గంటలు కూడా పడవు. ఏడాదిన్నర, రెండేళ్లు అనుకుని హాస్టల్, మెస్ లెక్క వేసుకోండి.

ఇంకా, లైసెన్స్ చేతికి రాగానే ఖర్చు ఆగదు. ఎయిర్‌లైన్‌కి ఎయిర్‌బస్ ఏ320 టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడిపే అర్హత, కావాలంటే ఇంకో 15 నుంచి 20 లక్షలు. దాన్ని కన్సల్టెంట్ 55లో కలపలేదు, చూసుకోండి.

మిర్చియార్డ్_మూర్తి
మొత్తం డెబ్బై అయిదు దాటుతుందన్నమాట. చెప్పినందుకు థాంక్స్ తల్లీ.

పెదకాకాని_ఎన్నారై
ఇండియాలో ఎందుకు, అమెరికా పంపండి మూర్తి గారూ. నేను టెక్సాస్‌లో ఉంటా, ఇక్కడే పీపీఎల్ చేశా. సెస్నా 172 పెట్రోలుతో సహా గంటకి 150 నుంచి 200 డాలర్లు, ఇన్‌స్ట్రక్టర్‌కి విడిగా. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండే. పొద్దున బుక్ చేస్తే సాయంత్రం ఎగరొచ్చు. ఫ్లైట్ ప్లాన్ కూడా వేయకుండా పక్క ఊరికి టిఫిన్‌కి వెళ్లొచ్చు. బాబ్జీ గారికైతే స్పోర్ట్ పైలట్ అని ఇంకా చిన్న లైసెన్స్ ఉంది, కనీసం 20 గంటలే, మెడికల్ కూడా అక్కర్లేదు, ఇక్కడి డ్రైవింగ్ లైసెన్స్ చాలు.

రన్‌వే_రమణ
ఎన్నారై గారూ, అక్కడ ఉన్నవాళ్లకి అది బాగానే ఉంటుంది. ఇక్కడ నుంచి వెళ్లేవాళ్లకి ఎం-1 అనే ట్రైనింగ్ వీసా, సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి. టూరిస్టు వీసా మీద వెళ్లి లైసెన్స్ కోర్సు చేయకూడదు. తిరిగి వచ్చాక ఇక్కడి లైసెన్స్‌గా మార్చుకోవాలంటే మళ్లీ డీజీసీఏ పరీక్షలు, ఫ్లయింగ్ టెస్టు. ఆ పరీక్షలు రాయలేక అక్కడి లైసెన్స్ అలమరాలో పెట్టుకుని తిరిగేవాళ్లు మా బ్యాచ్ పిల్లల్లోనే ఉన్నారు.

పెదకాకాని_ఎన్నారై
పరీక్షలు ముందే ఇక్కడ రాసేసి వెళ్తే సరిపోతుంది కదా. మా అన్నయ్య కొడుకు అలాగే చేశాడు. ముందు నావిగేషన్, మెటీరియాలజీ, రెగ్యులేషన్స్ మూడూ పాసయ్యాకే విమానం ఎక్కాడు. సమయం కూడా కలిసొచ్చింది.

రన్‌వే_రమణ
అదైతే ఒప్పుకుంటా. ఇక్కడ నేర్చుకునేవాళ్లకీ అదే మంచిది. డబ్బు కట్టి హాస్టల్లో కూర్చుని చదివే బదులు గుంటూరులో ఇంట్లో కూర్చుని చదవండి. ఒక్కో పేపర్‌కి 70 శాతం వస్తేనే పాస్. నెగెటివ్ మార్కులు లేవు.

కృష్ణలంక_కుర్రోడు
డాలర్ రేటు ఒక్కచోట ఉండదు. ముందు అది చూసుకోండి. మా కజిన్ మాస్టర్స్‌కి వెళ్లినప్పుడు వేసుకున్న బడ్జెట్ డాలర్ పెరిగే సరికి మారిపోయింది.

గాల్లో_గోపాలం
ఇంతసేపు లైసెన్స్ రావడం గురించే మాట్లాడుతున్నారు. నాకు పీపీఎల్ ఉంది, ఇండియాలోనే తీసుకున్నా. బాబ్జీ గారికి ఒక ప్రశ్న: తీసుకున్నాక ఎక్కడ నడుపుతారు?

ఎన్నారై గారు చెప్పినట్టు పొద్దున బుక్ చేసి సాయంత్రం ఎగరడం ఇక్కడ ఉండదు. విమానాలు అద్దెకిచ్చేవి ఎక్కువగా ట్రైనింగ్ స్కూళ్లే. వాళ్లకి 200 గంటలు కట్టిన పిల్లలు ముందు, మనం తర్వాత. అది న్యాయమే. ఫ్లైట్ ప్లాన్ వేయాలి, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు తీసుకోవాలి, వాతావరణం చూడాలి. ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోవాలంటే ఈమధ్య కాలంలో కొన్ని టేకాఫ్‌లు, ల్యాండింగులు చేసి ఉండాలి. అంటే మీ ఆవిడని ఎక్కించుకోవాలంటే అంతకు ముందు మీరొక్కరే ఆ గంట డబ్బు ఖర్చు పెట్టాలి. ఇక ఆ విమానంలో ఎవరి దగ్గరా టికెట్ డబ్బు తీసుకోకూడదు, ప్రైవేట్ లైసెన్స్ కదా.

మానేయమని కాదు. లైసెన్స్ పన్నెండు అనుకుంటే, ఆ తర్వాత చెయ్యి తప్పకుండా ఉండటానికి ఏడాదికి కనీసం లక్షన్నర, రెండు లక్షలు పక్కన పెట్టుకోండి. పెట్టలేకపోతే ఆ కార్డు పర్సులో ఆధార్ పక్కన ఉండిపోతుంది.

బీసెంట్‌రోడ్_బాబ్జీ
ఇది ఎవరూ చెప్పలేదు నాకు. ఏడాదికి రెండు లక్షలంటే... దీపావళి సీజన్లో లైట్లు బాగా అమ్ముడుపోతే పర్లేదు. ఆలోచిస్తా.

పటమట_పవన్
వదినగారు ఎక్కుతానన్నారా అసలు?

బీసెంట్‌రోడ్_బాబ్జీ
నేను డ్రైవ్ చేస్తే కారే ఎక్కదు.

ఉండవల్లి_ఉష
సరదాగా మాట్లాడుకుంటున్నారు కానీ భద్రత సంగతి ఎవరూ ఎత్తలేదు. 2022 ఫిబ్రవరిలో నాగార్జునసాగర్ నుంచి లేచిన సెస్నా 152 నల్గొండ జిల్లా పెద్దవూర మండలంలో కూలిపోయింది. ఒక్కతే ఉన్న ట్రైనీ పిల్ల చనిపోయింది. మాకు చాలా దగ్గరలోనే జరిగింది అది. డబ్బు ఒక్కటే ఖర్చు కాదు.

హ్యాంగర్_హనుమంతు
ఉష గారు అన్నది నిజం. అందుకే రేటు తగ్గించే స్కూలంటే నాకు అనుమానం. ఇంధనం ధర మన చేతిలో లేదు, పార్టుల ధర మన చేతిలో లేదు. మరి తగ్గింపు ఎక్కడి నుంచి వస్తుంది? మెయింటెనెన్స్ దగ్గర తగ్గిస్తున్నారేమోనని చూడాలి. స్కూలుకి వెళ్లినప్పుడు ఎన్ని విమానాలున్నాయని అడగొద్దు, ఈ వారం వాటిలో ఎన్ని ఎగిరాయని అడగండి. డీజీసీఏ 2025 నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకి గ్రేడులు కూడా ఇస్తోంది, అదీ చూసుకోండి.

అరండల్‌పేట_అనూష
అవును. నేను ఇంకొకటి కలుపుతా. ఆఫీసులో కాదు, సాయంత్రం హాస్టల్ మెస్ దగ్గరికి వెళ్లి పిల్లల్ని అడగండి. "పోయిన నెల ఎన్ని గంటలు పడ్డాయి" అని ఒక్క ప్రశ్న చాలు. మొహం చూస్తేనే తెలిసిపోతుంది.

లెక్కల_మాస్టారు
మొత్తం ఫీజు ఒకేసారి కడితే డిస్కౌంట్ ఇస్తామంటారట?

అరండల్‌పేట_అనూష
అస్సలు కట్టొద్దు మాస్టారూ. మా పెద్దమ్మ కొడుకు ఒక స్కూల్లో అలాగే మొత్తం కట్టాడు. ఆరు నెలల్లో విమానాలు ఒక్కొక్కటీ నేల మీదే ఉండిపోయాయి. గంటలు పడవు, డబ్బు వెనక్కి రాదు, ఇంకో స్కూలుకి మారాలంటే మళ్లీ కొత్తగా కట్టాలి. ఇప్పటికీ ఆ డబ్బు కోసం తిరుగుతున్నాడు. విడతలు ఎగిరిన గంటలకి ముడిపెట్టి రాయించుకోండి. 50 గంటలు అయ్యాక ఇంత, 100 అయ్యాక ఇంత. ఒప్పుకోని స్కూలు మనకొద్దు.

బ్యాంకు_బాబాయ్
మూర్తి గారి కోసం. విద్యా రుణం దొరుకుతుంది, కానీ ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా ఆస్తి తాకట్టు అడుగుతారు. ఇలాంటి 60, 70 లక్షలకి తప్పనిసరిగా అడుగుతారు. స్కూలుకి డీజీసీఏ అనుమతి ఉందా లేదా మొదట చూస్తాం. కట్టే వడ్డీకి పన్ను మినహాయింపు ఉంది, పాత పన్ను విధానంలో, ఎనిమిదేళ్ల దాకా. భూమి అమ్మడం కంటే తాకట్టు పెట్టడం నయం. ఎందుకంటే అమ్మాయి మెడికల్‌లో పోయినా, మధ్యలో మనసు మార్చుకున్నా భూమి మిగులుతుంది.

స్కూలు వాళ్లు జీఎస్టీ 18 శాతం అని వేస్తే ఆగండి. డీజీసీఏ ఆమోదించిన ఫ్లయింగ్ కోర్సులకి జీఎస్టీ లేదని 2024 సెప్టెంబర్‌లో జీఎస్టీ కౌన్సిల్ స్పష్టం చేసింది. 50 లక్షల మీద 9 లక్షలు, చిన్న మొత్తం కాదు.

బాబ్జీ గారూ, మీకూ ఒక మాట. మీ పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ కాగితం తీసి చదవండి. చాలా పాలసీల్లో టికెట్ కొని ప్రయాణించే ప్యాసింజర్‌గా తప్ప విమానంలో ప్రమాదం జరిగితే వర్తించదని ఉంటుంది. లైఫ్ పాలసీ తీసుకునేటప్పుడు కూడా ఫ్లయింగ్ హాబీ ఉందని రాయాల్సి వస్తుంది, ప్రీమియం పెరగొచ్చు. దాచిపెట్టి తీసుకుంటే క్లెయిమ్ దగ్గర ఇంట్లోవాళ్లకి ఇబ్బంది.

బీసెంట్‌రోడ్_బాబ్జీ
ఈ చర్చ మొత్తం మా ఆవిడ చదవకుండా చూడండి దేవుడా.

కృష్ణలంక_కుర్రోడు
1929లో దేశంలో మొదటి పైలట్ లైసెన్స్ తీసుకున్న జేఆర్‌డీ టాటా కూడా ఇష్టం కొద్దీ మొదలుపెట్టినాయనే. తర్వాత ఏకంగా ఎయిర్‌లైన్ పెట్టాడు.

పటమట_పవన్
ఆయన వెనక టాటాలున్నారు. బాబ్జీ అన్న వెనక ఫ్యాన్లు, గీజర్లు ఉన్నాయి.

రన్‌వే_రమణ
అందరికీ కలిపి ఒక మాట. డబ్బు కట్టే ముందు మెడికల్. హాబీకి క్లాస్ 2 చాలు, డీజీసీఏ జాబితాలో ఉన్న డాక్టర్ దగ్గర చేయించుకోవచ్చు. ఈసీజీ, రక్తపరీక్షలు, వినికిడి, కంటిచూపు, రంగుల గుర్తింపు. కొన్ని వేలల్లో అయిపోతుంది. కళ్లద్దాలు ఉన్నా పర్వాలేదు. రంగులు గుర్తించడంలో లోపముంటే కష్టం. మూర్తి గారి అమ్మాయి అయితే క్లాస్ 2తో ఆగొద్దు, క్లాస్ 1 కూడా ముందే చేయించేయండి. యాభై లక్షలు కట్టాక క్లాస్ 1లో అన్‌ఫిట్ అని వస్తే ఆ బాధ మాటల్లో చెప్పలేం.

బీసెంట్‌రోడ్_బాబ్జీ
నాకు బీపీకి మాత్ర ఉంది. అయిపోయినట్టేనా?

రన్‌వే_రమణ
అదే కారణం మీద కొట్టెయ్యరు. కంట్రోల్లో ఉందా, ఏ మాత్ర వాడుతున్నారు అన్నది చూస్తారు. దాచకుండా ప్రిస్క్రిప్షన్ తీసుకెళ్లండి.

మిర్చియార్డ్_మూర్తి
అమ్మాయికి ఇవన్నీ చదివి వినిపించా. "ఎయిర్‌ఫోర్స్‌లో అయితే డబ్బు కట్టక్కర్లేదు కదా నాన్నా" అంది. నిజమేనా?

అరండల్‌పేట_అనూష
నిజమే అంకుల్. ఎన్‌డీఏలో (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) అమ్మాయిలని 2022 నుంచి తీసుకుంటున్నారు, మొదటి బ్యాచ్ 2025లో బయటకొచ్చింది. పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల లోపు రాయాలి. ఎంపీసీ కాబట్టి ఫ్లయింగ్ బ్రాంచికి సరిపోతుంది. డిగ్రీ తర్వాతైతే ఆఫ్‌క్యాట్ అని ఎయిర్‌ఫోర్స్ ఎంట్రన్స్ ఉంటుంది. హైదరాబాద్ పక్కనే దుండిగల్‌లో అకాడమీ. ఎదురు వాళ్లే డబ్బిస్తారు. కానీ అది చౌకగా నేర్చుకునే దారి అనుకుని వెళ్లకూడదు. సైన్యం ఉద్యోగం, పోస్టింగులు, ఆ జీవితం కావాలనుకుంటేనే.

ఉండవల్లి_ఉష
ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ కూడా ఒకటుంది. మైక్రోలైట్‌లో ఎక్కే అవకాశం వస్తుంది కొందరికి. కడుపులో తిప్పుతుందో లేదో ఊరికే తెలిసిపోతుంది.

పెదకాకాని_ఎన్నారై
మంచి మాట. బాబ్జీ గారూ, మీరు కూడా ముందు ఒక గంట డబ్బు కట్టి ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని చూడండి. మే నెలలో మధ్యాహ్నం వెళ్లండి, ఏసీ లేని కాక్‌పిట్‌లో వేడి గాలికి విమానం ఎగిరెగిరి పడుతుంటే ఇంకా నడపాలనిపిస్తే అప్పుడు పన్నెండు లక్షలు కట్టండి.

గాల్లో_గోపాలం
మేలో మధ్యాహ్నం ఎవరు నడుపుతారండీ, పొద్దున ఆరింటికే స్లాట్ తీసుకుంటాం. మరీ భయపెట్టకండి.

కృష్ణలంక_కుర్రోడు
ఇవేవీ వద్దు, డ్రోన్ లైసెన్స్ తీసుకోండి. పదో తరగతి పాసై 18 ఏళ్లు నిండితే చాలు, వేలల్లోనే అవుతుంది. 2024 అక్టోబర్‌లో పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు ఒకేసారి ఎగిరాయి, ఒక్కటి కూడా బీపీ అడగలేదు.

లెక్కల_మాస్టారు
ఇంకో చవక దారి: కంప్యూటర్‌లో సిమ్యులేటర్. కంట్రోల్ యోక్, పెడల్స్ కలిపి యాభై వేలలోపే. గన్నవరం రన్‌వే కూడా ఉంటుంది అందులో. మా అబ్బాయి రోజూ ఇంట్లోంచే ప్రకాశం బ్యారేజీ మీద తిరుగుతాడు. కరెంటు బిల్లు తప్ప ఖర్చు లేదు.

రన్‌వే_రమణ
మాస్టారూ, నవ్వులాటకి కాదు, అది నిజంగా పనికొస్తుంది. రేడియోలో ఏం మాట్లాడాలి, ఏ మీటరు ఎక్కడుంది, చెక్‌లిస్టు ఎలా చదవాలి, ఇవి ఇంట్లో నేర్చుకుని వెళ్తే కొన్ని గంటల డబ్బు మిగులుతుంది. ల్యాండింగ్ మాత్రం అందులో రాదు. రేడియో పరీక్ష సంగతి కూడా గుర్తుంచుకోండి. ఇంతకు ముందు టెలికాం శాఖ పెట్టేది, 2025లో కొత్త విమాన చట్టం అమల్లోకి వచ్చాక అదీ డీజీసీఏ చేతికే వచ్చింది.

బీసెంట్‌రోడ్_బాబ్జీ
నేను రాసుకున్నది చెబుతా, తప్పుంటే దిద్దండి. ముందు మెడికల్. తర్వాత ఒక గంట ట్రయల్. ఇంట్లో చదివి పరీక్ష. ఆ తర్వాతే స్కూలు, విడతలుగా. చేతిలో 12 ఉంచుకుని 10కి అవ్వాలని కోరుకోవాలి. ఏటా రెండు వేరే. ఇన్సూరెన్స్ వాడికి నిజం చెప్పాలి.

గాల్లో_గోపాలం
సరిగ్గా ఉంది. 12 కాదు, 14 ఉంచుకోండి.

లెక్కల_మాస్టారు
చూశారా, ఒక్క పోస్టులో రెండు లక్షలు పెరిగింది.

మిర్చియార్డ్_మూర్తి
బ్యాంకు బాబాయ్ గారూ, మా నాన్నగారు తాకట్టుకైతే ఒప్పుకుంటానన్నారు. అమ్మాయి క్లాస్ 1 మెడికల్ వచ్చాకే అని షరతు. భూమి నాన్నగారి పేరు మీద ఉంది, నా పేరు మీద కాదు. కుదురుతుందా?

బ్యాంకు_బాబాయ్
కుదురుతుంది, ఆయన గ్యారంటర్‌గా సంతకం పెట్టాలి. అయితే వ్యవసాయ భూమిని విద్యా రుణానికి అన్ని బ్యాంకులూ తీసుకోవు, ఇల్లో ప్లాటో ఉంటే సులువు. బ్రాంచికి వెళ్లే ముందు ఫోన్ చేసి అది ఒక్కటి కనుక్కోండి. వెళ్లేటప్పుడు పాస్‌బుక్ ఒక్కటే తీసుకెళ్లకండి, లింకు డాక్యుమెంట్లు, 30 ఏళ్ల ఈసీ కూడా పట్టుకెళ్లండి.

మిర్చియార్డ్_మూర్తి
బ్రాడీపేటలో ఒక ఇల్లుంది, మా తమ్ముడికీ నాకూ ఉమ్మడి. వాడితో మాట్లాడి చెబుతా.